బండికి జంగు పట్టిందా? పక్కనున్న లోహాన్ని చూడండి

వానకాలం వెళ్లాక బండిని కడిగి చూస్తే జంగు ఎక్కడపడితే అక్కడ కనిపించదు. ఇంజిన్ గార్డు క్లాంపు కింద ఉంటుంది. నంబరు ప్లేటు స్క్రూ చుట్టూ ఉంటుంది. బ్యాటరీ నల్ల వైరు చాసిస్‌కు బిగించిన చోట ఉంటుంది. జానెడు దూరంలో అదే రేకు శుభ్రంగా మెరుస్తుంటుంది. ఈ చోట్లన్నిటిలో రెండు వేరువేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి.

బడిలో చాలామంది చేసే ప్రయోగమే ఇది. నిమ్మకాయలో ఒక రాగి ముక్క, ఒక జింకు పూత మేకు గుచ్చి తీగ కలిపితే కరెంటు పుడుతుంది. ఆ కరెంటుకు మూల్యం చెల్లించేది జింకు, అది కరిగిపోతుంది. రాగికి ఏమీ కాదు. బండి మీద నిమ్మరసం బదులు వాననీళ్లు, బురద, ఎరువు నీళ్లు ఉంటాయి. ఇంజినీర్లు దీన్ని గాల్వానిక్ కొరోజన్ అంటారు. బండిలో కనిపించే లోహాలను తొందరగా కరిగేదాని నుంచి మొదలుపెట్టి వరుసగా చెప్పుకుంటే: మెగ్నీషియం, జింకు, అల్యూమినియం, ఇనుము, సీసం, ఇత్తడి, రాగి, స్టెయిన్‌లెస్ స్టీలు, చివరన గ్రాఫైటు. ఇందులో ఏ రెండు కలిసినా ముందున్నది తరుగుతుంది, వెనకున్నది బతుకుతుంది. వరుసలో ఎడం పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. తడి లేకపోతే మాత్రం ఏమీ జరగదు.

సముద్రపు ఉప్పుగాలి మనకు లేదని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఆదిలాబాద్ వానలు, గోదావరి ఒడ్డు తేమ, రామగుండం నుంచి బెల్లంపల్లి దాకా బొగ్గు దుమ్ము, బసంత్‌నగర్, దేవాపూర్ సిమెంటు, ఊరూరా ఎరువు బస్తాలు మోసే ట్రాలీలు, పత్తి లారీలు అన్నీ మన దగ్గరే ఉన్నాయి. కింది చిట్కాలు వీటిని దృష్టిలో పెట్టుకొని రాసినవి.

1. ముందుగా ఒక చిన్న అయస్కాంతం పట్టుకొని బండి చుట్టూ తిరగండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా తేలిగ్గా ఉంటే అల్యూమినియం. బరువుగా, తళతళలాడుతూ ఉంటే బహుశా స్టెయిన్‌లెస్ స్టీలు. అంటుకునేదీ అంటుకోనిదీ కలిసే ప్రతి చోటూ గుర్తు పెట్టుకోండి. పొడి రంగు కూడా చాలా చెప్తుంది. తెల్లపొడి అయితే అల్యూమినియమో జింకో తరుగుతోంది. ఎర్రపొడి అయితే ఇనుము. ఆకుపచ్చ, నీలం చిలుము అయితే రాగి లేదా ఇత్తడి. బోల్టు చుట్టూ పెయింటు పొక్కులా లేచిందంటే దాని కింద పని మొదలై చాలా రోజులైందని అర్థం.

2. పెయింటు వేసేటప్పుడు తరిగే లోహానికి ఒక్కదానికే వేసి ఊరుకోకండి. దాని పక్కనున్న, ఏమీ కాని లోహానికి కూడా వేయండి. ఒక్కదానికే వేసేంత పెయింటు ఉంటే, ఏమీ కాని దానికే వేయండి. వినడానికి తలకిందులుగా ఉన్నా, అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ఇదే. షెడ్డులో ఎంత చెప్పినా నమ్మనిది కూడా ఇదే.

కారణం విస్తీర్ణంలో ఉంది. కరెంటు ఎంత పుట్టాలో ఎక్కువగా నిర్ణయించేది తరగని లోహానికి తడి తగిలే వైశాల్యం. తరిగే లోహానికి పెయింటు వేశారనుకోండి, దారిలో కంకర తగిలి ఆవగింజంత గీత పడుతుంది. అప్పుడు ఆ కరెంటు భారమంతా ఆ ఆవగింజంత చోటే మోయాలి. నెలల్లో రేకు చిల్లు పడుతుంది. పెయింటు అసలు వేయకపోతే అదే నష్టం రేకంతా పలచగా పరుచుకొని, అంత లోతుకు దిగేది కాదు. ఏమీ కాని లోహానికి పెయింటు వేస్తే దాని మీద గీతపడినా బయటపడే వైశాల్యం చిన్నదే కాబట్టి కరెంటు కూడా చిన్నదే.

ఇదే లెక్క రివెట్లకూ వర్తిస్తుంది. పెద్ద ఇనుప రేకుకు చిన్న అల్యూమినియం పాప్ రివెట్లు కొడితే రెండు వానకాలాల్లో రివెట్ల తలలు రాలి, రేకు డబడబా కొట్టుకుంటుంది. ట్రాలీ పక్కరేకులకు ఈ పని చేసినవాళ్లు చాలామంది. అదే పెద్ద అల్యూమినియం రేకులో చిన్న స్టీలు రివెట్టు ఉంటే అంత తొందరగా ఏమీ కాదు. బిగించే మేకు, స్క్రూ, రివెట్టు ఎప్పుడూ రేకుతో సమానమైన లోహమో, వరుసలో దానికి వెనకున్న లోహమో కావాలి. చిన్నది కరిగేది కాకూడదు.

3. తాకే రెండు లోహాల మధ్యా ఏదైనా అడ్డం పెట్టండి. నైలాన్ వాచరు అయితే మేలు. దొరక్కపోతే టైరు షాపులో పారేసే పాత సైకిల్ ట్యూబు ముక్క కూడా పనికొస్తుంది, కొన్నాళ్లకు చీలుతుంది కాబట్టి ఏడాదికోసారి మార్చాలి. వాచరు ఒక్కటే సరిపోదు, బోల్టు ఒళ్లు రంధ్రం అంచుకు తగులుతుంది. అందుకే బోల్టుకు సన్నని ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడిగి దూర్చాలి. తోట డ్రిప్పు పైపు తెగిన ముక్కలు సైజు కుదిరితే ఇందుకు భేషుగ్గా సరిపోతాయి.

ఈ అడ్డం ఎంత పని చేస్తుందో ఇంగ్లండు నౌకాదళానికి 1763లోనే తెలిసింది. హెచ్ఎంఎస్ అలారం అనే ఓడ అడుగుకు 1761లో రాగి రేకులు ఇనుప మేకులతో కొట్టారు. రెండేళ్లకు విప్పి చూస్తే చాలా మేకులు తినేసినట్టుగా ఉన్నాయి, రేకులు ఊడిపోతున్నాయి. కొన్ని మాత్రం బాగున్నాయి. వాటి తల కింద రాగి రేకుకు చుట్టి వచ్చిన ముదురురంగు కాగితం అలాగే ఉండిపోయింది. కాగితం ఉన్నచోట ఇనుము బతికింది.

ఒక జాగ్రత్త: బ్రేకు, స్టీరింగు, సస్పెన్షన్, చక్రం బోల్టుల దగ్గర ఈ వాచర్ల ప్రయోగాలు వద్దు. నైలాన్ నలిగితే బిగువు పోతుంది. అక్కడ కంపెనీ ఇచ్చిందే ఉండాలి.

4. మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు చూసి మోజు పడకండి. అవి తుప్పు పట్టవు, నిజమే. పక్కదానికి పట్టిస్తాయి. క్లచ్ కవరు, మ్యాగ్నెట్ కవరు వంటి అల్యూమినియం భాగాలకు అవి బిగిస్తే మరలో తెల్లపొడి పేరుకొని, విప్పబోతే బోల్టు తిరగకుండా అల్యూమినియం మర ఊడి వస్తుంది. కంపెనీ ఇచ్చే జింకు పూత బోల్టులే నయం. పూత పోయి ఎర్రబడ్డవి మార్చుకోండి, ఖర్చు పది ఇరవై రూపాయలే. స్టెయిన్‌లెస్సే కావాలనిపిస్తే మరకు నీళ్లకు కొట్టుకుపోని గ్రీజు రాసి బిగించండి. స్టెయిన్‌లెస్ ఇంజిన్ గార్డు, సైడ్ గార్డు కూడా ఇదే కోవలోకి వస్తాయి. గార్డు క్లాంపు ఫ్రేముకు తగిలే చోట ట్యూబు ముక్క చుట్టకుండా బిగించనివ్వకండి.

5. రాగి పొడి కలిపిన గ్రీజు అల్యూమినియం దగ్గరికి రానీయకండి. వేడి తట్టుకుంటుందని సైలెన్సరు బోల్టులకు వాడే ఎర్రటి గ్రీజు అది. ఇనుము మీద ఇనుముకు సరే. అల్యూమినియానికి మాత్రం రాగి పొడిని చేజేతులా అద్దినట్టే. గ్రాఫైటు కలిసిన నల్ల గ్రీజుదీ ఇదే తీరు. విమానాల తయారీలో అల్యూమినియం రేకు మీద పెన్సిల్‌తో గీత గీయనివ్వరు, ఆ గీతలోని గ్రాఫైటుకే భయపడతారు.

6. నంబరు ప్లేటు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు వస్తున్న హై సెక్యూరిటీ ప్లేటు అల్యూమినియం. టీఎస్ 01 ఆదిలాబాద్ బండి అయినా, టీఎస్ 02 కరీంనగర్ బండి అయినా, ఇప్పటి టీజీ బండి అయినా ఇందులో తేడా లేదు. ప్లేటుకు వెనక ఇనుప బ్రాకెట్ ఉంటే మధ్యలో ప్లాస్టిక్ ఫ్రేము పెట్టించండి. లాక్ పిన్నులను ఊడబీకి కొత్త రంధ్రాలు మాత్రం చేయకండి, చట్టం సంగతి అటుంచి ఆ రంధ్రం అంచులే మొదట తెల్లబడతాయి. ప్లేటు వెనక ఇరుక్కున్న మట్టిని నెలకోసారి నీళ్లు కొట్టి పోగొడితే చాలు.

7. బ్యాటరీ టెర్మినల్ మీద నీలిపచ్చ చిలుము పేరుకుంటే ఎంత గీకినా మళ్లీ వస్తుందని చాలామంది వదిలేస్తారు. సీసపు కొమ్ము, రాగి లేదా ఇత్తడి క్లాంపు, పైన యాసిడ్ ఆవిరి కలిసే చోటు ఇది. ముందు నల్ల వైరు, అంటే మైనస్ విప్పాలి. ఎర్ర వైరు ముందు విప్పుతుంటే పానా చాసిస్‌కు తగిలి నిప్పు రవ్వలు లేస్తాయి. గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి బ్రష్‌తో రుద్దితే చిలుము బుసబుస పొంగి వదులుతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాక బిగించి, బిగించిన తర్వాతే పైన వాసెలిన్ రాయండి. ముందే రాసి బిగిస్తే లోహానికీ లోహానికీ మధ్య జిడ్డు పొర మిగిలిపోవచ్చు. మళ్లీ కలిపేటప్పుడు నల్ల వైరు చివరికి.

8. ఎర్తింగు వైరు అన్నిటికన్నా చికాకు పెట్టేది, ఎందుకంటే ఇక్కడ అడ్డం పెట్టే వీలే లేదు. రాగి వైరు ఇనుప చాసిస్‌కు నేరుగా తగిలి తీరాలి. అందుకని ఇక్కడ మన చేతిలో ఉన్నది నీళ్లను దూరం పెట్టడం ఒక్కటే.

ఎర్త్ పాడైన బండి కొన్ని వింత వేషాలు వేస్తుంది. బ్రేకు నొక్కితే ఇండికేటర్ మసకబారుతుంది. హారన్ కొడితే హెడ్‌లైటు తగ్గుతుంది. సెల్ఫ్ కొడితే టకటక శబ్దమే వస్తుంది. బ్యాటరీ పోయిందనుకొని కొత్తది కొంటారు, వారానికి కథ మళ్లీ మొదటికొస్తుంది. కొనేముందు మల్టీమీటరుతో చూడండి. బ్యాటరీ మైనస్ కొమ్ముకు ఒక తీగ, ఇంజిన్ మీది ఏదైనా శుభ్రమైన బోల్టుకు ఇంకో తీగ పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ దారిలో ఎక్కడో జంగు ఉన్నట్టే.

బాగు చేసేటప్పుడు చాసిస్ మీద వైరు కన్ను కూర్చునే మేర మాత్రమే పెయింటు గీకాలి, అరచేయంత కాదు. కలాయి పూసిన కన్ను వాడండి, తగరం ఇనుముకు దగ్గరి లోహం కాబట్టి ఒట్టి రాగికన్నా నెమ్మది. పళ్ల వాచరు వేసి గట్టిగా బిగించి, కీలు మొత్తం కప్పేలా పెయింటో, గ్రీజో వేయండి. వైరు కింది నుంచి పైకి వచ్చేలా ఉంచితే నీళ్లు వైరు వెంబడి జారి కన్నులోకి దిగవు.

9. కొండగట్టులో పూజ చేయించిన బండిని ఇంటికి రాగానే కడగండి. కొత్త బండి కొన్నవాళ్లలో కరీంనగర్, జగిత్యాల చుట్టుపక్కల కొండగట్టు అంజన్నకు చూపించనివాళ్లు తక్కువ. దసరా నాడైతే ఇంటింటా బండి పూజే. కొబ్బరినీళ్లు, నిమ్మరసం, పసుపు, కుంకుమ తడి అన్నీ బంపరు కీళ్లలోకి, బ్యాడ్జి వెనక్కి, చక్రం బోల్టుల్లోకి జారతాయి. నిమ్మరసం ఈ పనికి ఎంత చురుకైనదో పైన చూశాం. పూజకు అడ్డు చెప్పడం కాదిది. చక్రం కింద నిమ్మకాయలు తొక్కించాక, మర్నాడు ఒక బకెట్టు మంచినీళ్లు కొట్టమనే చెప్పడం. నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ కట్టేందుకు రాగి తీగ వద్దు, నూలు దారం చాలు. అది కూడా రేకుకు ఆనుకొని కుళ్లకుండా గాలిలో వేలాడాలి. రాగి యంత్రం రేకు పెట్టుకునేవాళ్లు బాడీకి స్క్రూలతో బిగించకుండా, లోపల డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్‌కు అంటించుకోవచ్చు.

10. ఎరువు బస్తాలు మోసిన ట్రాలీని ఆ సాయంత్రమే కడగండి. రామగుండంలో 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్ ఎరువుల ఫ్యాక్టరీలో యూరియా తయారీ మొదలయ్యాక ఆ రోడ్డు మీద ఎరువు లారీలు ఎప్పుడూ కనిపిస్తాయి. యూరియా గాలిలో తేమను లాక్కొని తడి తడిగా మారుతుంది. దానికన్నా పొటాష్ చెడ్డది. మనం వాడే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడు, అంటే ఒకరకమైన ఉప్పే. చిరిగిన బస్తాలోంచి రాలిన గుప్పెడు పొటాష్ ట్రాలీ మూలలో ఉంటే, సముద్రపు ఒడ్డున బండి నిలిపినట్టే.

ఇంకోటి ఎవరూ పట్టించుకోరు: కాపర్ ఆక్సీక్లోరైడ్. తెగుళ్లకు కొట్టే ఈ మందు నీళ్లు అల్యూమినియం మీద కారితే అందులోని రాగి కొంత విడిపోయి అల్యూమినియం మీదే చుక్కలుగా అతుక్కుంటుంది. అప్పుడు పక్కన రాగి భాగం ఏదీ లేకపోయినా రాగి పొరుగు తయారై కూర్చుంటుంది. ఒక్కో చుక్క కింద ఒక్కో గుంట పడుతుంది. స్ప్రేయరు మోసే ట్రాక్టరుకు, మందు డబ్బాలు పెట్టే బండి ముందుభాగానికి ఈ ప్రమాదం ఎక్కువ.

11. పశువుల కొట్టంలో బండి పెట్టకండి. మూత్రంలోంచి లేచే అమ్మోనియా ఇత్తడికి, రాగికి పడదు. బ్రిటిష్ ఇండియా సైన్యంలో వానకాలం గుర్రపు కొట్టాల్లో దాచిన తుపాకీ తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలేవి. కారణం అమ్మోనియా అని తేల్చడానికి 1921 దాకా పట్టింది. ట్రాక్టరు వైరింగు కనెక్టర్లలోని ఇత్తడి బిళ్లలు కూడా అలాగే పెళుసుబారతాయి. వేరే చోటు లేకపోతే కనీసం గాలి ఆడే వైపు, పశువులకు ఎడంగా నిలపండి.

12. పత్తి పింజలు, వడ్ల గింజలు. ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పత్తి మోసిన లారీ బాడీని దగ్గరగా చూడండి. రేకూ చాసిసూ కలిసే సందులో, రివెట్ల తలల వెనక, కొక్కేల సందుల్లో తెల్లటి పింజలు బిగుసుకుపోయి ఉంటాయి. పింజ అంటే వత్తి. తెల్లవారి మంచును పీల్చుకొని మధ్యాహ్నం దాకా ఆ సందులోనే తడి నిలబెడుతుంది. పైన రేకు తొమ్మిదింటికే ఆరిపోయినా, లోపలి కీలుకు మాత్రం రోజుకు ఆరేడు గంటలు వానకాలమే. సుల్తానాబాద్, పెద్దపల్లి మిల్లులకు తడి వడ్లు తోలే ట్రాలీలదీ ఇదే కథ, అక్కడ మొలకెత్తిన గింజలు కూడా కనిపిస్తాయి. నీళ్లతో కడిగితే పింజలు ఇంకా బిగుస్తాయి. ముందు ఇనుప కొక్కెంతోనో పుల్లతోనో లాగి, గాలి కొట్టి, ఆ తర్వాత నీళ్లు కొట్టాలి.

13. సిమెంటు తడిసేలోపే దులపండి. తడిసిన సిమెంటు ఘాటైన క్షారం, దాని పీహెచ్ 12 దాటుతుంది. అల్యూమినియానికి సహజంగా ఉండే పలచని రక్షణ పొర పీహెచ్ 4కూ 9కీ మధ్యనే నిలుస్తుంది. బొగ్గు సంగతి కొంచెం వేరు. బొగ్గు బురద, రామగుండం కరెంటు ప్లాంటు బూడిద చేసే అసలు నష్టం తడిని పట్టి ఉంచడమే. మందమర్రి, శ్రీరాంపూర్ గనుల పక్క రోడ్ల మీద తిరిగే బండ్లకు మడ్‌గార్డు లోపలి అంచు ముఖ్యం. పైన తుడిచి మెరిపించడం కన్నా కింద వేలుపెట్టి చూడటం మంచిది.

14. రేడియేటరులో బోరు నీళ్లు పోయకండి. దారిలో పొగలు కక్కితే ఏ నీళ్లయినా పోయక తప్పదు, కానీ ఇంటికొచ్చాక అవి తీసేసి కూలెంట్ నింపాలి. ఈ కాలం బండ్లలో రేడియేటరు, సిలిండరు హెడ్డు అల్యూమినియం, బ్లాకు కొన్నిటిలో పోత ఇనుము. కూలెంట్‌లో ఉండే మందు ఈ లోహాలన్నిటి మీదా పలచని పొర కట్టి కాపాడుతుంది. ఆ మందుకు ఆయుష్షు ఉంటుంది, కంపెనీ చెప్పిన గడువుకు మార్చాలి. పాత ఇత్తడి రేడియేటరున్న ట్రాక్టరు కూలెంటును పొదుపు కోసం కొత్త బండిలో పోసేవాళ్లుంటారు. కాపర్ మందుతో జరిగినట్టే, అందులో కరిగిన రాగి అల్యూమినియం గొట్టాల్లో పేరుకుంటుంది.

15. అల్లాయ్ వీలు ఇరుక్కుపోతే సుత్తితో కొట్టడమే గతి అవుతుంది. అల్యూమినియం చక్రం ఇనుప హబ్బు మీద కూర్చునే మధ్య రంధ్రం దగ్గర పట్టేస్తుంది. టైరు మార్చినప్పుడల్లా హబ్బు అంచును ఇనుప బ్రష్‌తో శుభ్రం చేసి, అంచుకు మాత్రమే పలచగా గ్రీజు రాయించండి. స్టడ్ల మరకు, నట్టు కూర్చునే చోటుకు, బ్రేకు డిస్కుకు గ్రీజు తగలకూడదు. మరకు జిడ్డు ఉంటే అదే బలంతో బిగించినా స్టడ్డు మీద పడే లాగుడు ఎక్కువై తెగే ప్రమాదం ఉంది.

ట్యూబ్‌లెస్ టైరులో గాలి వారానికోసారి తగ్గుతుంటే, పంక్చరు దొరకకపోతే, రిమ్ము అంచున తెల్లపొడి లేచిందేమో చూడమనండి. బ్యాలెన్సింగు కోసం కొట్టిన బరువు ముక్కలు రిమ్ము మీది లాకరు పూతను గీకేసిన చోటనే అది మొదలవుతుంది. అంటించే రకం బరువులు అడగండి.

16. వాల్వు మూతలు ప్లాస్టిక్‌వే పెట్టండి. అల్యూమినియం వాల్వుకు ఇత్తడి మూత బిగిస్తే ఓ రోజు గాలి పట్టేటప్పుడు మూతతో పాటు వాల్వు కూడా విరిగి చేతిలోకొస్తుంది.

17. పాత బండి, అంటే 2020కి ముందటి కార్బురేటరు బండి ఉన్నవాళ్లకు. పెట్రోల్‌లో ఇథనాల్ 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది. నెలలపాటు కదలని బండి కార్బురేటరు గిన్నె విప్పితే అడుగున తెల్లటి బంక, ఇత్తడి జెట్టు చుట్టూ పచ్చ చిలుము కనిపిస్తాయి. గల్ఫ్ వెళ్లేవాళ్లు ఇంట్లో బండి వదిలేసి పోతే తాళాలు ఇవ్వడంతో ఆగకుండా, గిన్నె కింది స్క్రూ తిప్పి పెట్రోలు వదిలించండి. ట్యాంకు మాత్రం నిండా ఉంచాలి, ఖాళీ ట్యాంకు లోపలి గోడలకే చెమట పడుతుంది.

18. స్పార్క్ ప్లగ్గును ఇంజిన్ చల్లారాకే విప్పండి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డులోని మర ప్లగ్గుతో పాటు ఊడి వస్తుంది. పూత ఉన్న కొత్త ప్లగ్గుకు గ్రీజు అక్కర్లేదు.

19. చాసిస్ కింద పాత ఇంజిన్ ఆయిలు కొట్టించడం మనవైపు బాగా అలవాటు. కొంత పని చేస్తుంది, కాదనలేం. కానీ అది రబ్బరు బుష్షులను ఉబ్బిస్తుంది, దుమ్మును పట్టుకుంటుంది, నేలనూ పాడుచేస్తుంది. మైనం ఆధారంగా ఉండే అండర్ కోటింగు కొట్టించడం మేలు. జంగు మీదే నల్ల తారులాంటి కోటింగు కొడితే మాత్రం తడి లోపల ఖైదు అవుతుంది, అది కొట్టకపోవడం కన్నా చెడ్డది. ముందు గీకి, రెడ్ ఆక్సైడ్ వేసి, ఆరాక కొట్టాలి. అల్యూమినియానికి రెడ్ ఆక్సైడ్ నిలవదు, దానికి వేరే ప్రైమరు అడిగి తీసుకోండి.

20. ప్లాస్టిక్ కవరు కప్పి నెలల తరబడి వదలకండి. చలికాలం ఆదిలాబాద్, ఆసిఫాబాద్‌లలో పది డిగ్రీల లోపుకు దిగే రాత్రుల్లో కవరు లోపల నీళ్లు కారుతాయి. గుడ్డ కవరు నయం, పైకప్పు ఉన్న పందిరి ఇంకా నయం.

21. బండికి జింకు ముక్క బిగిస్తే జంగంతా అదే పీల్చుకుంటుందని అమ్మేవాళ్లను నమ్మకండి. ఓడల మీద ఆ ఉపాయం నిజంగానే పని చేస్తుంది. హంఫ్రీ డేవీ 1824లో రాగి తొడుగు ఓడలకు జింకు, ఇనుము ముక్కలు కట్టి రాగిని కాపాడాడు. అయితే కరగని రాగి మీద గవ్వపురుగులు పేరుకొని ఓడ వేగం తగ్గిందనుకోండి, అది వేరే కథ. ఓడ మొత్తం ఒకే నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి జింకు అంతటికీ అందుతుంది. బండి మీద తడి ఇక్కడో చుక్క, అక్కడో చుక్క. బంపరు మీది జింకు డిక్కీ అంచును కాపాడలేదు. రేకు మీదే పరిచిన జింకు పూత, అంటే జీఐ రేకు మాత్రం గీత పడ్డచోట కూడా కాపాడుతుంది. ట్రాలీ రేకులు మార్చేటప్పుడు జీఐ అడగడం లాభమే.

22. వరదలో మునిగిన బండిని స్టార్ట్ చేయకండి. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు మంచిర్యాల, మంథని కాలనీల్లో మునిగిన బండ్లు ఎన్నో. బయటికి ఆరినట్టు కనిపించినా వైరింగు కనెక్టర్ల లోపల బురద నీళ్లు నిలిచి ఉంటాయి. అక్కడ రాగి, తగరం, ఇనుము పక్కపక్కనే ఉంటాయి. పైగా బ్యాటరీ కలిపి ఉంటే కరెంటు కూడా తోడై, నెలల పని రోజుల్లో అయిపోతుంది. అందుకే మొదట చేయాల్సింది బ్యాటరీ మైనస్ విప్పడం. తర్వాత కనెక్టర్లు ఒక్కొక్కటే విప్పి మంచినీళ్లతో కడిగి, గాలి కొట్టి, కాంటాక్ట్ క్లీనరు వేయించండి. ఎలక్ట్రిక్ బండి అయితే సొంతంగా ఏదీ ముట్టుకోకుండా కంపెనీ వాళ్లను పిలవాలి.

23. అప్పటికే బిగుసుకుపోయిన బోల్టుకు. బలం మొదటే చూపకండి. జంగు వదిలించే స్ప్రే కొట్టి ఓ రాత్రి నాననివ్వండి, మర్నాడు ఇంకోసారి కొట్టి, బోల్టు తల మీద సుత్తితో చిన్నగా టకటకమనిపించండి. అల్యూమినియంలో ఇరుక్కున్న స్టీలు బోల్టు అయితే చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయాలి, బోల్టును కాదు. ఒకే వేడికి అల్యూమినియం స్టీలు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది, రంధ్రం వదులవుతుంది. పెట్రోలు ట్యాంకు, రబ్బరు సీలు దగ్గరుంటే, స్ప్రే తడి ఇంకా ఆరకపోతే మంట గానీ హీట్ గన్ గానీ పెట్టొద్దు. ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, పొడి చిట్లిన చప్పుడు వినిపించాక విప్పే వైపు తిప్పండి. పావు చుట్టు వచ్చి ఆగితే మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు. బయటికొచ్చాక ఆ రంధ్రంలో ట్యాప్ తిప్పి, తెల్లపొడంతా ఊది, కొత్త జింకు పూత బోల్టు గ్రీజుతో వేయండి.